గడికొక మేలి మొక్క

ఇప్పుడంటే మిరప విత్తనం ప్యాకెట్లలో వస్తోంది గానీ, సొంత విత్తనం కట్టుకున్న రోజుల్లో విత్తనపు కాయలు ఏరడం ఒక విద్య. కోతలు ముమ్మరం కాకముందే రైతు చేలో తిరిగి మొక్కలను గుర్తు పెట్టుకునేవాడు. ఎరువు దిబ్బ పోసిన చోట ఒక మొక్క ఎత్తుగా, గుబురుగా, విరగకాసి కనిపిస్తే దాన్ని దాటి వెళ్లిపోయేవాడు. ఆ కాపులో దిబ్బ బలం ఎంతో, గింజ బలం ఎంతో తేలదు. నీరు నిలిచే పల్లంలో చుట్టూ ఉన్నవన్నీ గిడసబారి, ఒక్క మొక్క మాత్రం నిటారుగా నిలిచి కాస్తే దాని దగ్గర ఆగేవాడు. పోలిక పక్క మొక్కతో, అదే మట్టిలో.

ఈ ఎరుకను 1961లో అమెరికాలోని నెబ్రాస్కాలో గార్డ్‌నర్ అనే మొక్కజొన్న శాస్త్రవేత్త ఒక పద్ధతిగా తీర్చిదిద్దాడు. చేనును చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ప్రతి గడిలోనూ మిగతావాటికంటే మేలైన మొక్కలను మాత్రమే విత్తనానికి తీసుకున్నాడు. చేనంతటినీ ఒకే వరసలో నిలబెట్టి ఏరితే ఎంపికయ్యేవి సారవంతమైన చోట మొలిచిన మొక్కలు. గడి గడికీ విడిగా ఏరితే మట్టి తేడా పక్కకు తప్పుకుని మొక్క సత్తా బయటపడుతుంది. మొక్కల ప్రజననం చదివినవాళ్లకు ఇది తొలి పాఠాల్లో ఒకటి.

ఇదే పనితనం పిల్లల ఎంపికలో కనిపించే చోటు మనకు దగ్గర్లోనే ఉంది. కాగితాల మీద దాని పేరు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. జనం నోట అది ‘ట్రిపుల్ ఐటీ’. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టం చేసి దీన్ని నెలకొల్పింది. అప్పుడు ప్రాంగణాలు మూడు: బాసర, నూజివీడు, ఇడుపులపాయ. రాష్ట్రం విడిపోయాక బాసర తెలంగాణకు వెళ్లింది. 2016లో శ్రీకాకుళం, ఒంగోలు చేరాయి. ఒంగోలు ప్రాంగణం తొలి తరగతులు ఇడుపులపాయలోనే జరిగాయి, తర్వాత ఒంగోలుకు వచ్చాయి. పత్తి, మిరప పండే మన గుంటూరు, ప్రకాశం నల్లరేగడి ఊళ్ల పిల్లలకు పడమటి కొండలకో, ఉత్తరాన నూజివీడు మామిడి తోటలకో పోకుండా దగ్గర్లో ఒక గుమ్మం తెరుచుకుంది.

పేరులో విశ్వవిద్యాలయం ఉన్నా పిల్లవాడు ఇందులో అడుగుపెట్టేది పదో తరగతి పాసైన వెంటనే. మొదటి రెండేళ్లు ఇంటర్మీడియట్‌కు సమానమైన చదువు. దాన్ని పీయూసీ అంటారు. తర్వాతి నాలుగేళ్లు బీటెక్. అంటే పదిహేనేళ్ల పిల్లలకు ప్రభుత్వం నడిపే సైన్సు, ఇంజినీరింగ్ పాఠశాల, ఆ పైన కాలేజీ, ఒకే ఆవరణలో ఒకదానికొకటి అతికి ఉన్నాయి. ఈ అతుకు సంగతి తర్వాత చూద్దాం. ముందు గుమ్మం దగ్గర ఆగుదాం.

పదో తరగతి పరీక్షలు మార్చి, ఏప్రిల్ నెలల్లో. మిరప కోతలు జనవరిలో అందుకుని ఏప్రిల్ దాకా సాగుతాయి. అంటే పరీక్షకు మిగతా ఊళ్ల పిల్లలు పుస్తకాలు ముందేసుకుని కూర్చునే వారాల్లోనే మన ఊళ్లలో కూలీ రేటు పెరుగుతుంది, కల్లాల మీద కాయ ఎర్రగా ఆరుతుంటుంది, తాలుకాయలు ఏరడానికి ఇంట్లో ప్రతి చేయీ కావాల్సి వస్తుంది. కర్నూలు వైపు నుంచి కోతలకు వలస వచ్చే కుటుంబాల పిల్లల చదువైతే ఏడాది మధ్యలోనే తెగిపోతుంది. పత్తి తీతలు దసరా నుంచి సంక్రాంతి దాకా ఎలాగూ ఉంటాయి. ఇలాంటి ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివిన పిల్ల తెచ్చుకున్న మార్కులూ, పట్నంలో హాస్టల్లో ఉండి పొద్దున్నే స్టడీ అవర్‌తో మొదలుపెట్టి రాత్రి స్టడీ అవర్‌తో ముగించే పిల్లవాడి మార్కులూ కాగితం మీద ఒకేలా కనిపించే అంకెలు. ఒకటి పల్లంలో పెరిగిన మొక్క, ఇంకొకటి దిబ్బ పక్కన పెరిగింది. రెండింటినీ ఒకే కొలతతో ఎలా కొలవాలన్నదే ఈ విద్యాసంస్థను రూపొందించినవాళ్ల ముందున్న చిక్కు.

వాళ్లు వేసిన మొదటి గీత మండలం. ఆరంభపు రూపకల్పనలో ప్రతి మండలం నుంచీ ముందు వరసలో ఉన్న పిల్లలను తీసుకోవాలన్నారు. గార్డ్‌నర్ గళ్లు ఇక్కడ మండలాలయ్యాయి. మండలం ఎందుకన్నది గమనించాలి. నాటి జిల్లాను గడిగా పెట్టుకుంటే గుంటూరు పట్నమూ, మాచర్ల దగ్గరి తండా కూడా ఒకే గడిలో పడేవి. బడినే గడిగా పెట్టుకుంటే పదిమంది పరీక్ష రాసే చిన్న బడికీ, రెండొందలమంది రాసే పెద్ద బడికీ పొత్తు కుదరదు. ఒక మండలంలో మాత్రం నేల దాదాపు ఒక్కటే, పంట ఒక్కటే, బడుల తీరు ఒక్కటే. పోలిక న్యాయంగా ఉండటానికి కావలసినంత చిన్నది, ఎంపికకు సరిపడా పిల్లలు ఉండేటంత పెద్దది.

రెండో గీత మరీ సన్ననిది. పదో తరగతిలో 2012 నుంచి 2019 దాకా మార్కుల స్థానంలో గ్రేడ్లు ఇచ్చారు. ఆరు సబ్జెక్టులు, ఒక్కోదానికి గరిష్ఠంగా 10 పాయింట్లు, ఆరింటి సగటే జీపీఏ. ఆ రోజుల్లో ప్రభుత్వ, జిల్లా పరిషత్, మునిసిపల్ హైస్కూళ్లలో, అందులోనూ హాస్టలు లేని బడుల్లో చదివిన పిల్లల జీపీఏకు 0.4 కలిపేవారు. దాన్ని డిప్రివేషన్ స్కోర్ అన్నారు. లేమిని లెక్కలోకి తీసుకునే పాయింట్లు అన్నమాట. మార్కుల పద్ధతి తిరిగి వచ్చాక అదే 4 శాతంగా మారింది.

0.4 చిన్న అంకెలా కనిపిస్తుంది. కాగితం తీసుకుని లెక్క వేస్తే దాని నేర్పు తెలుస్తుంది. ఆరు సబ్జెక్టుల్లో ఒకదానిలో పదికి బదులు తొమ్మిది వస్తే జీపీఏ 9.8. రెండింటిలో తగ్గితే 9.7. మూడింటిలో తగ్గితే 9.5. ఇప్పుడు 0.4 కలపండి. రెండు సబ్జెక్టుల్లో ఒక్కో మెట్టు దిగిన హైస్కూలు పిల్ల 10.1కి చేరి, పట్నంలో పదికి పది తెచ్చుకున్న పిల్లవాడికంటే ముందుంటుంది. మూడు సబ్జెక్టుల్లో దిగితే 9.9 దగ్గర ఆగి అతని వెనక నిలుస్తుంది. రెండు మెట్లు మన్నించి మూడోది మన్నించని కొలత ఇది. లేమి వల్ల ఒకటి రెండు చోట్ల జారిన పిల్లను చేయి పట్టి లేపుతుంది. చదువులోనే వెనకబడినవాళ్లను ముందుకు తోయదు. కంసాలి త్రాసులో గురివింద గింజంత బరువు వేసి ముల్లు సరిచేసినట్టుంది ఈ 0.4.

హాస్టలు లేని బడులకే అన్న షరతు కూడా ఊరికే పెట్టింది కాదు. ప్రభుత్వ గురుకులంలో ఉన్న పిల్లకు తిండి, పడక, చదువుకునే వేళ అమరి ఉంటాయి. సాయంత్రం ఇంటికెళ్లి పత్తి బస్తాలు సర్దే పిల్లకు అవి ఉండవు. ప్రభుత్వ బడి అన్న ఒక్క మాట కింద ఇద్దరినీ కలిపేయకుండా ఈ నియమం లేమిని ఉన్నచోటే గుర్తిస్తుంది.

మూడో భాగం, ఇద్దరు సమానంగా నిలిచినప్పుడు ఏం చేయాలన్నది. గ్రేడ్ల కాలంలో ఇది పెద్ద తంటా. తొంభై అయిదు వచ్చినా తొంభై తొమ్మిది వచ్చినా అవే పది పాయింట్లు కాబట్టి ఒకే జీపీఏ మీద వందలమంది గుమిగూడేవారు. అందుకు వరస పెట్టుకున్నారు. ముందు లెక్కల్లో ఎవరిది పైచేయో చూడాలి, తర్వాత సైన్సు, ఆ తర్వాత మిగతా సబ్జెక్టులు, అవీ సమానమైతే వయసులో పెద్దవాళ్లకు ముందు చోటు. లెక్కలను ముందు పెట్టడంలో ఈ చదువు దేని కోసమో తెలుస్తోంది. వయసును చివర పెట్టడంలో ఇంకో జాగ్రత్త ఉంది: ఇక ప్రతిభలో తేడా చూపలేమని తేలాకే దాన్ని ముట్టుకున్నారు.

వీటన్నిటి చుట్టూ చట్టం కట్టిన చట్రం ఉంది. 85 శాతం సీట్లు స్థానికులకు, 15 శాతం అందరికీ పోటీ. దాని లోపల ఎస్సీ, ఎస్టీ, బీసీ వర్గాల వాటా, దానికి అడ్డంగా అమ్మాయిలకు మూడో వంతు. ఇటీవలి జాబితాల్లో అమ్మాయిలు ఆ మూడో వంతు దగ్గర ఆగలేదు. సగానికి మించి వాళ్లే ఉన్నారు. లేమిని తూకం వేసి ఏరితే పల్లంలో నిటారుగా నిలిచిన మొక్కలు ఎవరో తేలినట్టే ఉంది.

2020లో కొవిడ్ వల్ల పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. చేతిలో మార్కులే లేకపోయేసరికి ఆ ఏడాది ప్రవేశ పరీక్ష పెట్టారు: లెక్కలకు 50 మార్కులు, భౌతిక, జీవ శాస్త్రాలకు చెరో 25. మరుసటి ఏడాదీ అంతే. మామూలు పరీక్షలు తిరిగి రాగానే పదో తరగతి మార్కులకే వచ్చారు. దీని వెనక ఒక ఆలోచన ఉంది. విడిగా ప్రవేశ పరీక్ష పెడితే దాని చుట్టూ కోచింగ్ పుడుతుంది, కోచింగ్‌కు డబ్బు, బస్సు, పట్నంలో గది కావాలి. పదో తరగతి పరీక్ష ఏ ఊరి పిల్ల అయినా ఎలాగూ రాసేదే. కొత్త ఖర్చేమీ నెత్తిన పడదు. అయితే ఈ కొలత నిలవాలంటే ఆ పరీక్ష ప్రతి కేంద్రంలో నిజాయితీగా జరగాలి. ఎక్కడో ఒక గదిలో చూచిరాత సాగితే, అక్కడ పోయే సీటు ఇంకెక్కడో చీకట్లో చదువుకున్న పిల్లది.

గుమ్మం దాటి లోపలికి వెళదాం. అతుకు సంగతి ఇక్కడే.

మామూలుగా మన పిల్లలకు పదో తరగతి తర్వాత రెండేళ్ల ఇంటర్, దాని చివర ఎంసెట్, ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్. ఆ రెండేళ్లూ ఆ మూడు గంటల పరీక్ష నీడలో గడుస్తాయి. ఒక సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందని అడగడానికి తీరిక ఉండదు. ఏ ప్రశ్నకు ఏ సూత్రం వాడాలో గుర్తుంటే చాలు. అదే బీటెక్ సీటు ముందే చేతిలో ఉంటే ఆ రెండేళ్లు పునాది వేయడానికి మిగులుతాయి. ట్రిపుల్ ఐటీలో అతుకు చేసే పని ఇదే. పీయూసీలో లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలతో పాటు కంప్యూటర్ చదువు, ఇంగ్లీషు, తెలుగు ఉంటాయి. తెలుగు మాధ్యమంలో పది దాకా చదివి వచ్చిన పిల్లకు ఇంగ్లీషు పాఠాలు అలవడడానికి రెండేళ్ల వ్యవధి దొరుకుతుంది. ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో చేరిన రోజే ఆ బరువు మీద పడితే చాలామంది కుంగిపోతారు.

అలాగని రెండేళ్లు నిశ్చింతగా నిద్రపోవచ్చని కాదు. తరచూ చిన్న పరీక్షలు, సెమిస్టర్ పరీక్షలు ఉంటాయి. పీయూసీ చివర బీటెక్‌లో ఏ బ్రాంచి అన్నది ఆ రెండేళ్ల మార్కులనుబట్టి, పిల్లల కోరికనుబట్టి తేలుతుంది. సీటు పోతుందన్న భయం తీసేసి, కష్టపడితే కోరిన చోటు దక్కుతుందన్న ఆశ మాత్రం ఉంచారు. పీయూసీ అయ్యాక బయటికి వెళ్లదలచుకున్నవాళ్లకు తలుపు తెరిచే ఉంటుంది. ఆ సర్టిఫికెట్ ఇంటర్‌కు సమానం. ఇంజినీరింగ్ తనది కాదని పదిహేడో ఏట గ్రహించిన పిల్లవాడు మరో దారి పట్టొచ్చు. పదిహేనేళ్లకే ఆరేళ్ల దారి ఎంచుకోమనే చదువుకు ఈ తలుపు తప్పనిసరి.

మొదటి రోజుల్లో పిల్లల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చారు. ఆ ఆలోచన వెనక ఉన్న మనిషి డబ్బల రాజ్ రెడ్డి. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, చెన్నైలోని గిండీలో ఇంజినీరింగ్ చదివి, స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేసి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో యంత్రాలకు మాట వినడం నేర్పినవాడు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం అందుకున్నాడు. ట్రిపుల్ ఐటీలకు తొలి చాన్సలర్ ఆయనే. వేలమంది పల్లె పిల్లలను ఒకేసారి తీసుకున్నప్పుడు ప్రతి సబ్జెక్టుకూ మేటి గురువులను అన్ని ప్రాంగణాల్లో కూర్చోబెట్టడం అయ్యే పని కాదు. పాఠం రికార్డు చేసి కంప్యూటర్‌లో పెడితే, అర్థం కానిచోట మళ్లీ వెనక్కి తిప్పి వినొచ్చు. పక్కన మెంటర్ ఉండి సందేహం తీరుస్తాడు. ఇంగ్లీషు చెవికి కొత్తగా ఉన్న పిల్లకు ఆ వెనక్కి తిప్పే మీట ఎంత ఆసరానో, తరగతిలో చేయి ఎత్తి ‘మళ్లీ చెప్పండి’ అనడానికి సిగ్గుపడ్డవాళ్లకు తెలుస్తుంది.

ఈ పనితనం ఒక్కరోజులో పుట్టింది కాదు. 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో ఉమ్మడి రాష్ట్ర తొలి గురుకుల పాఠశాల మొదలైంది. దాని వెనకే కోస్తాకు గుంటూరు జిల్లా తాడికొండ, రాయలసీమకు కొడిగెనహళ్లి వచ్చాయి. నాగార్జునసాగర్ కుడిగట్టున విజయపురి సౌత్‌లో గురుకుల జూనియర్ కాలేజీ పదో తరగతి దాటిన పిల్లలను పరీక్ష పెట్టి తీసుకుంటూ వచ్చింది. 1986 జాతీయ విద్యా విధానం జిల్లాకొక నవోదయను ఇచ్చింది; పాత గుంటూరు జిల్లాకు చిలకలూరిపేట దగ్గరి మద్దిరాలలో, ప్రకాశానికి ఒంగోలులో.

నవోదయ గుమ్మంలోనూ చక్కటి నేర్పు ఉంది. ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగం, అంటే 40 ప్రశ్నలు, 50 మార్కులు బొమ్మలవి. నాలుగు బొమ్మల్లో తేడాగా ఉన్నదేది, అద్దంలో ఈ బొమ్మ ఎలా కనిపిస్తుంది, మడిచి చిల్లు పెట్టిన కాగితం విప్పితే ఎలా ఉంటుంది. వీటికి ట్యూషన్ పుస్తకంతో పని లేదు, భాషతోనూ పని లేదు. సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకు. మూడు, నాలుగు, అయిదు తరగతుల్లో ఒక్కరోజు పట్నం బడిలో చదివినా పల్లె కోటా వర్తించదు. పట్నంలో చదివించి, పరీక్ష ముందు ఊరి బడిలో పేరు రాయించే ఎత్తులను ఆ ‘ఒక్కరోజు’ అన్న మాట అడ్డుకుంటుంది.

ప్రపంచంలో మిగతాచోట్ల ఇదే చిక్కును వేర్వేరు చేతులు వేర్వేరుగా విప్పాయి. గణిత శాస్త్రవేత్త కోల్మొగొరోవ్ 1963లో మాస్కోలో ఒక బోర్డింగు స్కూలు పెట్టించి, దూరపు ఊళ్లలో ఒలింపియాడ్‌లలో మెరిసిన పిల్లలను రప్పించి, తానే పాఠాలు చెప్పాడు. న్యూయార్క్‌లోని పేరున్న సైన్సు హైస్కూళ్లు నగరమంతటికీ ఒకే పరీక్ష పెట్టి పైనుంచి ఏరుకుంటాయి. టెక్సస్ 1997లో ఒక చట్టం చేసి, ప్రతి హైస్కూల్లోనూ ముందున్న పదో వంతు పిల్లలకు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం ఇచ్చింది. అది బడిని గడిగా పెట్టుకున్న ఎంపిక. మనది ఆరంభంలో మండలాన్ని గడిగా పెట్టుకుని, దాని మీద లేమికి తూకం వేసి, రెండేళ్ల నారుమడి కూడా సమకూర్చింది.

నారుమడి మాట ఊరికే అనలేదు. మిరప గింజను నేరుగా చేలో చల్లడం ఉంది, నారు పోసి నాటడమూ ఉంది. నారుమడిలో నలభై రోజులు నీడ పెట్టి, నీళ్లు చిలకరించి, వేరు గట్టిపడ్డాక చేలో నాటితే మొక్క ఎండకు తట్టుకుంటుంది. పీయూసీ రెండేళ్లు ఆ నారుమడి. భాగాలన్నీ కలిపి చూస్తే ఒకదానికొకటి ఎలా ఆసరాగా ఉన్నాయో తెలుస్తుంది. పెరిగిన నేలను లెక్కలోకి తీసుకుని ఏరకపోతే పల్లపు మొక్కలు గుమ్మం దాకా రావు. వాటిని ఏరి తెచ్చి నారుమడి లేకుండా నేరుగా ఇంజినీరింగ్‌లో నాటితే వడలిపోతాయి. నారుమడి ఉండి పరీక్షలు లేకపోతే వేరు గట్టిపడదు. పరీక్షలు ఉండి బయటి తలుపు లేకపోతే తప్పు చోట నాటిన మొక్కకు దారి ఉండదు. నాలుగూ ఉన్నాయి కాబట్టే, పాఠాలు చెప్పే ఇంగ్లీషు ఇంట్లో ఎవరికీ రాని పిల్ల ఆరేళ్లకు ఇంజినీరై బయటికి వస్తోంది.

ఈ గుమ్మానికి ఒకే ఒక్క అడ్డంకి మిగిలింది: తెలియకపోవడం. పదో తరగతి ఫలితాలు వేసవిలో వస్తాయి, ఆ తర్వాత కొద్దిరోజులకే ట్రిపుల్ ఐటీ ప్రకటన వెలువడుతుంది, దరఖాస్తు గడువు చిన్నది. అప్పటికి కల్లాల పని ఒక కొలిక్కి వచ్చి ఇంట్లో పెళ్లి మాటలు మొదలై ఉంటాయి. మీ వీధిలో జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివి మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల ఉంటే, ఆ వారం వాళ్ల ఇంటికి వెళ్లండి. తండ్రితో ఒక మాట చెప్పండి, దరఖాస్తు దగ్గరుండి నింపించండి. ఆ పిల్ల కోసం 4 శాతం కలిపి ఉంచినవాళ్లు ఎక్కడో ఉన్నారు. ఆ సంగతి ఆమెకు చేరవేయడం మన వంతు.